నాలుగో దిమ్మ

మా అమ్మాయి సంచిలో ముందు బరువైనవి పెట్టాను. బూట్లు, మందుల డబ్బా, నర్సు చదువప్పటి లావుపాటి పుస్తకం. వాటి మీద తువ్వాళ్ళు రెండు, మేజోళ్ళు ఆరు జతలు. మేజోళ్ళు మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఆరే వచ్చాయి. అయినా మళ్ళీ బయటికి తీశాను.

"అమ్మా, అవేమన్నా పిల్లల్ని పెడతాయా? ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆరే ఉంటాయి," అంది మా అమ్మాయి.

మర్నాడు పొద్దున దాని ప్రయాణం. నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. తన కారు తనే నడుపుకుంటూ ఒక్కతే వెళ్తానంది. నాలుగు గంటలు కూడా ఒక దూరమేనా అని అందరూ నన్ను చూసి నవ్వారు. నాకు దూరంతో పనిలేదు. నా ఏడో ఏట మా అమ్మ రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని, వీధి చివర ఉన్న ఆసుపత్రికి నడిచే వెళ్ళింది. ఆ వీధి చివర మా గుమ్మంలో నిలబడితే కనపడేది. అమ్మ మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పట్నుంచి ఎవరు సంచి సర్దుకున్నా, అందులోవి నేను మళ్ళీ బయటికి తీస్తాను.

"పంతులమ్మగారూ! బడి వేళయింది, రావాలి!"

షెడ్డులోంచి మా మరిది కేక. మా ఆయన తమ్ముడు. అన్నకీ తమ్ముడికీ పదహారేళ్ళ తేడా. నేను కాపురానికి వచ్చేటప్పటికి అతనికి పాలపళ్ళు ఊడుతున్నాయి. పెద్దయ్యాక ఒక పెద్ద కార్ల వర్క్‌షాపులో మంచి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత తాగుడు పట్టుకుంది. ఉద్యోగం పోయింది, చేతులు వణకడం మొదలైంది. మా ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికి రెండేళ్ళ నాలుగు నెలలుగా చుక్క ముట్టలేదు. చేతులు కుదుటపడ్డాయి. మా కారు షెడ్డులోనే ఇరుగుపొరుగు వాళ్ళ బళ్ళు బాగుచేసేవాడు. దానికోసం ఎవరో వాడి వదిలేసిన లిఫ్టు ఒకటి కొన్నాడు.

ఆ లిఫ్టు నేలలో పాతేది కాదు. రెండు ఇనప చట్రాలు, పడుకోబెట్టిన నిచ్చెనల్లా ఉంటాయి. కారు కిందికి చెరోవైపు నుంచి తోసి, మీట నొక్కితే పంపులోంచి గొట్టాల్లో నూనె వెళ్ళి అవి లేస్తాయి. ఒక్కో చట్రం మీద ముందొకటి, వెనకొకటి రబ్బరు దిమ్మలు. కారు బరువంతా ఆ నాలుగు దిమ్మల మీదే. పనయ్యాక చట్రాలు తీసి గోడకి ఆనిస్తే చీపురుకు పట్టినంత చోటు చాలు.

పెద్ద వర్క్‌షాపులో ఒకడు చదివితే ఒకడు చేసేవాడట. ఇంట్లోనూ అలాగే జరగాలన్నాడు. చదవడం నా పని. నేను బడికి వెళ్ళలేదు. పెళ్ళయ్యాక సరుకుల పొట్లాల కాగితాలు, దుకాణాల బోర్డులు చూసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. లిఫ్టుతో వచ్చిన పుస్తకంలో అక్షరాలు చీమ తలకాయలంత ఉంటే, మా అమ్మాయి ఒక అట్ట మీద పెద్దగా తొమ్మిది వరసలు రాసిపెట్టింది. నేను ఒక వరస చదవాలి. అతను అది చేసి "అయింది" అనాలి. అప్పుడే రెండో వరస. ఐదో వరస ఇది: "చక్రాలు నేల వదలగానే ఆపి, నాలుగు దిమ్మలూ చూడాలి." అది మాత్రం చేసేది నేనే. కారు చుట్టూ తిరిగి, ఒక్కో దిమ్మా కారు అంచు కింద సరిగ్గా ఉందో లేదో చేత్తో తడిమి, ఒకటి, రెండు అని గట్టిగా చెప్పాలి.

"నువ్వే చూసుకోవచ్చుగా?" అని మొదట్లో అడిగాను.

"పెట్టింది నేను వదినా. నేను పెట్టింది నేనే చూస్తే తప్పు కనపడదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా. నువ్వు చెబితేనే పైకెత్తుతా."

ఆ మాట విన్న రోజు నేను ఎంత పొంగిపోయానో రాయడానికి కూడా సిగ్గేస్తుంది. పక్కింటాయన తన కారు తెచ్చినప్పుడల్లా "పంతులమ్మగారు ఉన్నారా లోపల?" అని అడిగేవాడు. నా బతుక్కి వచ్చిన బిరుదు అదొక్కటే.

ఆ రోజు మా అమ్మాయి కారు బ్రేకులు చూడాలి. దూర ప్రయాణం కదా అని అతనే పట్టుబట్టాడు. నేను అట్ట పట్టుకుని చదివాను. చక్రాలు నేల వదిలాయి. ఆపాడు. ఒకటి తడిమాను, రెండు తడిమాను. వెనక్కి వచ్చి మూడు తడిమాను. నాలుగోది గోడ వైపు. పాత బట్టలు ఉతికే మిషను అడ్డం. పొట్ట లోపలికి పీల్చుకుని, పక్కకి తిరిగి దూరితే గానీ చెయ్యి అందదు. ఆ క్షణంలో ఇంట్లోంచి మా అమ్మాయి ఫోనులో ఎవరితోనో "రేపే! రేపు పొద్దున్నే!" అంటూ నవ్వడం వినపడింది. నేను అక్కడే, కారు వెనకే ఆగిపోయాను. రేపు ఈపాటికి దాని గదిలో మంచం ఖాళీగా ఉంటుందని అనుకున్నాను.

"వదినా, నాలుగు?"

"నాలుగు," అన్నాను.

నేను నిలబడ్డ చోటు నుంచి ఆ దిమ్మ కనపడదు. అంతకుముందు ఎన్నోసార్లు చూసిన దిమ్మే. ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

కారు నడుమెత్తు లేచింది. చట్రాలు కిందికి దిగకుండా ఆపే తాళాలు టక్కుమని పడ్డాయి. మిగతా వరసలు చదివేసి, నేను అట్ట పెట్టేసి గుమ్మం దగ్గరికి వచ్చాను. అతను కుడివైపు వెనక చక్రం విప్పాడు. లోపలి బ్రేకు డ్రమ్ము పట్టేసి రావడంలేదు. మా అమ్మాయి టీ గ్లాసు తెచ్చి అతని పక్కనే గొంతుక్కూచుంది.

"బాబాయ్, రాకపోతే వదిలెయ్. అమ్మ ఇంకో వారం ఆపిందంటే నేనిక్కడే ముసలిదాన్నయిపోతా."

"ఆగమ్మా, దీని మొహం, ఇది నాకు లొంగకపోవడమేంటి," అని రెండు చేతులా పట్టుకుని ఊపాడు.

కారు అవతలి మూల ఒక్కసారి కుంగింది. కుంగి, ఇటు జారింది. అతను చూడను కూడా చూడలేదు, భుజంతో మా అమ్మాయిని తోసేశాడు. అది అల్లంత దూరాన చెయ్యి కింద పెట్టుకుని పడింది. అతను దాని మీద పడ్డాడు. ఊడిన చక్రం వైపు ఇనుము సిమెంటు మీద గుద్దుకున్న చప్పుడుకి వీధిలో కుక్కలు మొరిగాయి.

మా ఆయన లోపల్నుంచి పరుగెత్తుకొచ్చారు. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. ఎవరి ఆలస్యానికి ఎవరు కారణమో ముందు తేల్చాలి ఆయనకి. కూతురు లేచి మణికట్టు పట్టుకుని నిలబడటం చూశారు. తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్ళారు.

"నోరు తెరువు."

"అన్నయ్యా..."

"తెరవరా!"

నలభై దాటిన మనిషి, అన్నకన్నా జానెడు పొడుగు, కాస్త వంగి చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. మా ఆయన వాసన చూశారు. ప్రహరీ అవతల పక్కింటాయన నిలబడి చూస్తున్నాడు.

"వాసన రానివి కూడా ఉంటాయిలే," అన్నారు మా ఆయన.

"లేదు అన్నయ్యా. ఒట్టు. వదిన నాలుగూ చూసింది. నాలుగూ చూశాకే ఎత్తాను."

మా ఆయన నా వైపు తిరిగారు. "చూశావా?"

"చూశాను."

ఒక్క మాట. దానికి ముందు ఆలోచించలేదు, అబద్ధం ఆడాలని అనుకోనూ లేదు. పంతులమ్మ చూడలేదని ఆ ప్రహరీ అవతలి మనిషి వినకూడదు, నాకు అంతే తోచింది.

"విన్నావా? అది చూసింది. మరి ఎవరిది తప్పు?" అన్నారు మా ఆయన. "నా కూతురు దాని కింద ఉంటే ఏం చేసేవాడివిరా?"

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు.

అమ్మాయి మణికట్టు ఎముక చిట్లింది. కట్టుకట్టి, మూడు వారాలు కదలొద్దన్నారు. ఉద్యోగం వాళ్ళు ఫోనులో సరేనన్నారు. డాక్టరు మూడు వారాలన్నప్పుడు నా గుండె తేలికపడింది. పిల్ల చెయ్యి విరిగి కూచుంటే, ఇంకో మూడు వారాలు ఇంట్లో ఉంటుందని సంతోషపడ్డాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రి నుంచి నేను తిరిగొచ్చేసరికి మా మరిది షెడ్డులో నేలమీద కూచుని ఉన్నాడు. చేతిలో నాలుగో దిమ్మ. రబ్బరు ఒక అంచున మాత్రమే నలిగి ఉంది. తక్కిన దిమ్మంతా కొత్తదానిలా ఉంది.

"చూడు వదినా. అంచుమీదే ఆనింది. రెండు వేళ్ళు పక్కకి పెట్టాను. నువ్వు తడిమినప్పుడు సరిగ్గానే ఉందా?"

మా ఆయనా అమ్మాయీ మందుల కొట్టు దగ్గర ఆగారు, ఇంట్లో అప్పుడు ఎవరూ లేరు. ప్రహరీ అవతలా ఎవరూ లేరు.

"ఏమో మరి. బాగానే ఉన్నట్టుంది," అన్నాను.

"అయితే నేనే. దాన్ని మళ్ళీ కదిపి ఉంటాను. చెయ్యి వణికిందేమో, నాకే తెలీలేదు."

మొదటి అబద్ధానికి కంగారు అని పేరు పెట్టుకోవచ్చు. ఈ రెండో దానికి పెట్టుకోవడానికి ఏ పేరూ లేదు.

ఆ తర్వాత అతను పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి, వెలుతురులో రెండు చేతులూ చాపి నిలబడేవాడు.

"వణుకుతున్నాయా వదినా?"

"లేదు."

"సరిగ్గా చూడు. నీకు అబద్ధం చెప్పడం రాదని కదా నిన్ను అడిగేది."

వణికేవి కావు. రాతిలా ఉండేవి. పక్కింటాయన తన కారు తెస్తానన్నవాడు "తర్వాత చూద్దాంలెండి" అన్నాడు. ఆ తర్వాత వచ్చేవాళ్ళే లేకపోయారు. వచ్చినా ముట్టుకునేవాడు కాదు. ఒకరోజు చట్రాల్లో నూనె తీసేసి, తుడిచి, గోడకి ఆనించాడు. మా ఆయన తమ్ముడితో మాట్లాడటం మానలేదు. భోజనానికి పిలిచేవారు, కూర వడ్డించమనేవారు. కానీ అతను దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన ముక్కు కొంచెం కదిలేది. అది అతనికి తెలుసు. నేను ప్రతి రాత్రి రేపు చెబుదామనుకునేదాన్ని. పొద్దున ఆయన నన్ను "ఇదిగో పంతులమ్మా, పేపరు చదువు" అనేవారు. అంతటితో నా నోరు పడిపోయేది.

మూడు వారాలకి మా అమ్మాయి వెళ్ళింది. మరో వారానికి అతను బయల్దేరాడు. ఎక్కడో టైర్ల గోదాములో కాపలా పని దొరికిందట. పనిముట్లు ముట్టుకోనక్కర్లేని పని.

"కాపలా ఏంటయ్యా, చేతిలో విద్య పెట్టుకుని?" అన్నాను.

"చేతిలో ఉంటేగా."

బస్టాండుకి నేను వెంట వెళ్ళాను. బస్సుకి ఇంకా పది నిమిషాలుంది. బెంచీ మీద మా ఇద్దరి మధ్య అతని సంచి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదని నాకు తెలుసు.

"ఆ రోజు... ఆ నాలుగో దిమ్మ..." అన్నాను.

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు వదినా. దాని గురించి నువ్వు బాధపడకు. నేను ఒకటే అనుకుంటాను. నువ్వు చూసినందుకు మిగతా మూడైనా సరిగ్గా ఉన్నాయి. లేకపోతే కారు ఒక్కసారే పడేది, ఆ పిల్లని చంపుకుని ఉండేవాణ్ణి. నీ వల్లే బతికింది."

నేను కాదని అనాలి. అంతకన్నా సులువైన చోటు నాకు ఇంకెక్కడా దొరకదు. కండక్టరు ఊరిపేరు అరుస్తున్నాడు. జనం లేస్తున్నారు. నేను తల ఊపాను. అతను పెట్టిన దండం కూడా తీసుకున్నాను.

నాలుగేళ్ళ తర్వాత మా ఆయనకి చెప్పాను. మధ్యాహ్నం పేపరు చదివి వినిపిస్తూ, ఒక వార్త మధ్యలో ఆపి చెప్పేశాను.

"వాడి నోరు వాసన చూశాను కదే," అన్నారు.

చెప్పులు వేసుకుని, చొక్కా గుండీలు వీధిలో పెట్టుకుంటూ బస్సెక్కారు. మర్నాడు తిరిగొచ్చారు. ఆ గోదాములో పని మానేసి ఏడాది అయిందన్నారట. ఎక్కడికెళ్ళాడో ఎవరికీ తెలీదు. బస్టాండుల్లో, వర్క్‌షాపుల్లో అడిగి చూశారు. ఆ తర్వాత కూడా రెండు మూడు ఊళ్ళు తిరిగారు. బతికున్నన్నాళ్ళూ నన్ను మళ్ళీ పంతులమ్మా అని పిలవలేదు.

మా అమ్మాయి వెళ్ళిన రెండు నెలలకే వచ్చింది. ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. మా మరిది ఒక బుధవారం పొద్దున తొమ్మిదింబావు బస్సుకి వెళ్ళాడు. అప్పుడు నాకు యాభై తొమ్మిది. ఇప్పుడు డెబ్భై మూడు. అతను తిరిగి రాలేదు.