కింది తూము లైటు

మంజీర పొంగి బీర్కూర్ పొలాల్లో ఇసుక మేటలు వేసిన యేడు అది. ఆ యేడు డిసెంబరులో, క్రిస్మస్ దగ్గర పడ్డ రోజుల్లో, పండరి మోకాటి లోతు బురదలో నిలబడి మీది తూముకు అడ్డం పడ్డ గుర్రపుడెక్కను కొడవలితో కోసి గట్టు మీదికి విసురుతున్నాడు. మరునాడు పొద్దున యాసంగి పంటకు నీళ్లు వదులుతారని కబురొచ్చింది. వరద తెచ్చిన చెత్త ఇంకా పోలేదు. చిరిగిన చాప ఒకటి, మోపు తాడు ఒకటి, ఎవరిదో ఎడమ కాలి చెప్పు. చెప్పును చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. దాని రెండోది కూడా ఉందేమోనని బురదలో కాలుపెట్టి వెతికాడు. లేదు. విసిరేశాడు.

పండరి పొడుగు మనిషి. షట్టరు చక్రం తిప్పి తిప్పి కుడి భుజం కిందికి దిగింది. ఉత్త చేతులతో నడుస్తున్నా ఏదో మోస్తున్నట్టే ఉంటాడు. అతని గురించి ఊళ్లో చెప్పుకునేదేమీ లేదు. పొలానికి నీళ్లొస్తే ఎవరూ తలుచుకోరు. రాకపోతే, పండరి యాడ సచ్చిండని అడుగుతారు.

మీది తూము షట్టరు ఎత్తి దించే పని అతనిది. కాలువ వెంట కిందికి చూస్తే కనిపించీ కనిపించనంత దూరంలో ఉన్న కింది తూము ఇమ్మానుయేలుది. కింది తూము తెరవకుండా మీది తూము ఎత్తితే నీళ్లు గట్టు తెంచుకుని నారుమళ్ల మీద పడతాయి. అందుకని ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. చీకట్లో పండరి టార్చి అడ్డంగా ఊపుతాడు. వదలనా అని. ఇమ్మానుయేలు తన టార్చి వెలిగించి, దాని ముందు అరచెయ్యి ఒక్కసారి అడ్డం పెట్టి తీస్తాడు. తెలిసింది అని. ఆ జవాబు రాకుండా చక్రం మీద చెయ్యి వెయ్యకూడదు. తర్వాత ఫోన్లు వచ్చాయి. అప్పటికి ఇమ్మానుయేలుకు ఫోను మాట వినపడనంతగా చెవులు మందగించాయి. లైటే మిగిలింది.

ఇప్పుడు ఇమ్మానుయేలు బాన్సువాడ దవాఖానలో ఉన్నాడు. ఊపిరి అందడం లేదు.

పండరి కాళ్లు కడుక్కుని, టార్చిని తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కాడు.

ఇమ్మానుయేలు మంచం పైఅంతస్తులో కిటికీ పక్కన వేశారు. పక్కన కూతురు ప్రవళిక కూర్చుంది. కామారెడ్డిలో ఆఫీసు పని, సెలవు పెట్టి వచ్చింది. పండరిని చూసి లేచి స్టూలు ఇచ్చింది. అతను కూర్చోలేదు. ఇమ్మానుయేలు చెవి దగ్గరికి వంగాడు.

"ఏం బావా, ఇంక పోలేదా?"

"నువ్వు ఏడుస్తుంటే సూసి పోదామని ఆగిన."

"నేనెందుకు ఏడుస్త? నీ తూము నాకొస్తది."

నవ్వబోయి ఇమ్మానుయేలు దగ్గాడు. దగ్గు చాలాసేపు ఆగలేదు. ప్రవళిక వీపు నిమిరింది.

"అసలు సంగతి గదే," అన్నాడు ఊపిరి కుదురుకున్నాక. "రేపు నీళ్లిడుస్తరంట గద. నా తూము ఎవలు లేపుతరు?"

"నేనే లేపుత."

"ఉత్తగనే ఎట్ల లేపుతవ్? నేను ఒప్పజెప్పాలె."

"మరి ఒప్పజెప్పు."

"నోటి మాట ఓ మాటనా? మనం ఏనాడన్న నోటితోని చెప్పుకున్నమా?"

ఇమ్మానుయేలు గడ్డంతో కిటికీ వైపు చూపించాడు. రోడ్డవతల పార్కు.

"చీకటైనంక ఆడ లైట్లేస్తరు. క్రిస్మస్‌కు. మా చర్చి పోరలు పెద్ద స్టారు గట్టిండ్రంట. నాకు చెట్లు అడ్డమొస్తున్నయ్, కొసనే కనబడ్తుంది. నువ్వు పోయి మొత్తం సూడు. ఆన్నుంచి లైటు ఊపు. నేను జవాబిస్త. అప్పుడు నా తూము నీది."

"గన్ని లైట్లల్ల నాది ఎట్ల గుర్తువడ్తవ్?"

"నీ అసొంటి మొద్దు ఊపుడు ఇంకెవ్వడు ఊపడు."

"నాయినా, ఒర్రకు. దమ్మొస్తది," అంది ప్రవళిక.

ఇమ్మానుయేలు దిండు కింద తడిమి టార్చి ఉందో లేదో చూసుకున్నాడు. ప్రతి డిసెంబరు వెదురు చీల్చి, రంగు కాయితం అంటించి, తన ఇంటి మీద తానే స్టారు ఎత్తేవాడు. మీది తూము దగ్గరికి అది కనిపించేది. ఈసారి ఆ ఇంటి మీద ఏమీ లేదు.

పండరి చీకటి పడేదాకా దవాఖాన మెట్ల మీద కూర్చుని పార్కుకు పోయాడు.

గేటు దాటగానే ఆగిపోయాడు. అతనికి తెలిసిన పార్కులో సిమెంటు బెంచీలు, ఎండిపోయిన ఫౌంటెను ఉండేవి. ఇప్పుడు అవెక్కడున్నాయో తెలియడం లేదు. చెట్లకు మొదలు నుంచి కొమ్మల దాకా తీగెలు చుట్టారు. వెలుగుతో జింకలు చేసి నిలబెట్టారు. వాటి కడుపుల్లోంచి అవతలి మనుషులు కనిపిస్తున్నారు. ఎర్ర టోపీ తాత బొమ్మ చెయ్యి ఊపుతోంది. పండరి తనూ చెయ్యి ఎత్తబోయి, అటూ ఇటూ చూసి దించాడు. స్టారు మంచెకన్నా ఎత్తున ఉంది. బాగుందో లేదో అతనికి అర్థం కాలేదు. చాలా పెద్దగా ఉందని మాత్రం చెప్పగలడు.

దవాఖాన వైపు తిరిగి టార్చి వెలిగించి ఊపాడు.

తన వెలుగు తనకే కనిపించలేదు. ఎదురుగా చెట్లకున్న బల్బులన్నీ ఒక్కసారి ఆరి, ఒక్కసారి వెలిగాయి. పండరి ఉలిక్కిపడ్డాడు. మళ్లీ ఆరాయి, మళ్లీ వెలిగాయి. తెలిసింది, తెలిసింది, తెలిసింది అని కొమ్మకొమ్మా చెబుతోంది. ఇందులో ఇమ్మానుయేలు లైటు ఏది? ఆకుల సందుల్లోంచి పసుపుపచ్చ వెలుగొకటి కదిలినట్టయింది. అది కిటికీయో, తీగెకున్న బల్బో. పక్కకు జరిగి చూశాడు. అక్కడ ఎర్రది ఉంది. ఇంకొంచెం జరిగాడు. నీలంది.

"పెద్దనాయినా, జర నీ టార్చి బందు వెడ్తవా? ఫోటోల మొఖం మీద పడ్తుంది," అంది ఫోను ఎత్తి పట్టుకున్న ఒక పిల్ల. పక్కనున్న పిల్ల నవ్వింది. "గిన్ని లైట్లుండంగ గా టార్చి ఏందే?"

"ఒకాయనకు కనబడాలె," అన్నాడు పండరి.

"ఎవలికి?"

పండరి వాళ్లకు దూరం జరిగాడు. టార్చి ఆర్పి, జింకల వెనక్కి పోయి మళ్లీ వెలిగించాడు. ఊపాడు. చెట్లు మళ్లీ తెలిసిందన్నాయి. చెయ్యి గుంజింది. ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. పైకి పోయి నోటితో అడిగి వస్తే అయిపోతుందనిపించింది. కానీ జవాబు రాకముందు ఉన్న చోటు విడవకూడదు. ఆ పద్ధతి పెట్టుకున్నది తామే.

జనం పలచబడ్డారు. వాచ్‌మన్ ఈల వేశాడు. ఎక్కడో మీట కిందికి పడింది, జింకలూ చెట్లూ స్టారూ ఒక్కసారిగా పోయాయి. చీకట్లో దవాఖాన కిటికీలు మిగిలాయి. పండరి మెట్ల పక్క నుంచి లెక్కపెట్టుకుని ఇమ్మానుయేలు కిటికీ పట్టుకున్నాడు. టార్చి ఊపాడు. ఆ కిటికీ ఆరిపోయింది. పండరి చెయ్యి ఆగింది. కొంచెం సేపటికి కిటికీ మళ్లీ వెలిగింది.

అది టార్చి కాదు, గది లైటు. టార్చి ఎత్తే ఓపిక లేక గోడ మీది స్విచ్చి నొక్కించాడేమో. కాకపోతే ఇంకేమిటి? "సరే బావా," అని మెల్లగా అని బస్సు కోసం నడిచాడు.

పొద్దున మంచు ఇంకా విడవలేదు. పండరి ముందు కింది తూముకు పోయాడు. చక్రానికి గ్రీజు ఉంది. మెట్టు మీద గడ్డి లేదు. ఇమ్మానుయేలు దవాఖానకు పోయే ముందే అంతా శుభ్రం చేసి పెట్టుకున్నాడు. చెయ్యి చాపి, మళ్లీ తీసుకున్నాడు.

కాలువ గట్టు మీద దవాఖాన తెల్ల బండి మెల్లగా వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి ప్రవళిక దిగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పండరి బండి వెనక తలుపు వైపు చూశాడు. అడగాల్సిన పని లేకపోయింది.

"రాత్రే మామా. నీకు ఫోను చేసిన, ఎత్తలే."

"ఏ యాళ్ల?"

"పార్కుల లైట్లు ఆరిపోయిన యాళ్లకు. నర్సమ్మ చూసి, ఇగ లేడమ్మా అని గది లైటు బందువెట్టింది. నేనే మళ్ల ఏసిన. నాయిన మొఖం చూద్దామని."

పండరి తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. చేతులు తడిగా లేవు. అలాగే తుడుస్తూ ఉన్నాడు.

ప్రవళిక బండిలోంచి ఇమ్మానుయేలు టార్చి తెచ్చింది. "దుప్పటిల దొరికింది. నువ్వు పోయినంక కిటికి దిక్కే తిరిగి పండిండు. నేను కిందికి పోయి పాలు తెచ్చేసరికి కండ్లు మూసుకున్నడు. నిద్రవట్టిందనుకున్న. గిది ఎలుగుతలేదు మామా. సెల్లులు అయిపోయినట్టున్నయ్."

పండరి టార్చిని అటూ ఇటూ తిప్పి చూశాడు. స్విచ్చి వెలిగించినట్టే ముందుకు జరిపి ఉంది. ఆ జింకల వెనక తను ఏ బల్బును చూస్తున్నప్పుడు అది వెలిగిందో.

"నువ్వు నడువు బిడ్డా," అన్నాడు. "నీళ్లొచ్చే యాళ్లయింది. తూములు లేపి ఎన్కనే వస్త."

బండి పోయింది. పండరి కింది తూము చక్రం మీద రెండు చేతులూ వేసి తిప్పాడు. షట్టరు కిర్రుమని లేచింది. తర్వాత గట్టు వెంట మీది తూముకు నడిచి, అలవాటు కొద్దీ పగటి వెలుతురులోనే తన టార్చి తీసి అడ్డంగా ఒకసారి ఊపి, చక్రం తిప్పాడు. నీళ్లు ఎర్రగా, చెత్తను నెట్టుకుంటూ కిందికి బయలుదేరాయి.

కింది తూము కొక్కేనికి అతను తగిలించి వచ్చిన ఇమ్మానుయేలు టార్చి వేలాడుతోంది, స్విచ్చి ముందుకు జరిపినది జరిపినట్టే.