రెండో మంచం తల్లి

నోయిడాలోని ఆ చిన్న గేముల కంపెనీ మీటింగు గదిలో, శుక్రవారం మధ్యాహ్నం, సీతారత్నం మౌసు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని పదకొండు నిమిషాలయింది.

తెర మీద వరద నీళ్ళు చొచ్చుకొచ్చిన ఆసుపత్రి. రెండు మంచాల మీద ఇద్దరు పసిపిల్లలు. ఒక్కటే ఆక్సిజన్ సిలిండరు. కింద రెండు బటన్లు: మొదటి మంచం, రెండో మంచం. ఆడేవాళ్ళే నర్సు. సిలిండరు ఎవరికి పెట్టాలో వాళ్ళే తేల్చుకోవాలి.

వెనక శ్రీవల్లి నిలబడి చూస్తోంది. ఆ కథ రాసింది తనే. మొదట రెండు బటన్లకూ రెండు దారులు రాసింది. గడువు ముంచుకొస్తోందని టీమ్ లీడర్ రఘువీర్ ఒక దారి కొట్టేయించాడు. ఇప్పుడు ఏది నొక్కినా పిల్లలిద్దరూ పోతారు. డాక్టరు వచ్చి, "నువ్వు చేయగలిగింది చేశావు" అంటాడు. కథ ముందుకు సాగిపోతుంది. గేము డబ్బా మీద మాత్రం "మీ నిర్ణయమే కథ" అని అచ్చు వేయబోతున్నారు.

సీతారత్నం ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. ఇందిరాపురంలో శ్రీవల్లి అద్దెకున్న ఫ్లాటుకి కింది ఇల్లే ఆమెది. ఆ చనువుతో, "ఒక్కసారి ఆడి చూడండి ఆంటీ" అని తీసుకొచ్చింది. గేమును అమ్మిపెట్టే గుర్‌గావ్ కంపెనీ తరఫున మాథుర్ కూడా చూడ్డానికి వస్తాడని అప్పటికి తెలియదు.

"ఏదో ఒకటి నొక్కేయండి ఆంటీ, గేమే కదా" అన్నాడు రఘువీర్.

"సోచ్‌నే దీజియే", ఆలోచించుకోనివ్వండి అని మాథుర్ వారించాడు. ఒక మనిషి ఇంతసేపు ఆలోచించడం అతనికి తెగ నచ్చింది.

సీతారత్నం మొదటి మంచం నొక్కింది. పిల్లలు పోయారు. డాక్టరు వచ్చాడు. ఆమె వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్, రెండోది నొక్కుంటే ఏమయ్యేది?"

ఏమడుగుతున్నారని మాథుర్ హిందీలో అడిగాడు. గేము బాగుందంటున్నారని రఘువీర్ నవ్వుతూ చెప్పి, శ్రీవల్లి చెవి దగ్గరకొచ్చాడు. "కథ మారేదని చెప్పెయ్. ఇక్కడితో పోతుంది."

శ్రీవల్లి ఆంటీ మొహంలోకి చూసింది. ఒక్క మాట చాలు, ఆంటీ నమ్మేస్తుంది. నమ్మి ఇంటికెళ్ళి ఆ రెండో బిడ్డ గురించే ఆలోచిస్తూ కూర్చుంటుంది.

"ఏమీ మారేది కాదు ఆంటీ. ఏది నొక్కినా ఇద్దరూ పోతారు."

"మరి నన్నెందుకడిగారు?"

సీతారత్నం గొంతు పెంచలేదు. మాథుర్ వైపు తిరిగి, ఏది నొక్కినా ఇద్దరూ పోతారట అని చెప్పి, అదే మాట హిందీలో అడిగి, హ్యాండ్‌బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

మాథుర్ మొహంలో నవ్వు లేదు. సోమవారం మళ్ళీ వస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే గేము తీసుకునేది లేదని చెప్పి లేచాడు.

తలుపు మూసుకోగానే రఘువీర్ అన్నాడు: "కొత్త బొమ్మ ఒక్కటి కూడా గీయించను. రెండ్రోజుల్లో ఏం చేస్తావో చెయ్. కాకపోతే మంగళవారం నుంచి రానక్కర్లేదు."

శనివారం పొద్దున్నే శ్రీవల్లి కింది ఇంటి తలుపు తట్టింది. క్షమించమని అడుగుదామనుకుంది. సీతారత్నం ఆమెను కూర్చోబెట్టి, అడగకుండానే చెప్పింది.

"ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది ఒకసారి. ఇద్దరికి బాగా కాలింది. ఢిల్లీ తీసుకెళ్ళడానికి ఒక్కటే అంబులెన్సు. డాక్టరు లేడు. నేనే ఒకణ్ణి ఎక్కించాను. సాయంత్రానికి ఇద్దరూ పోయారు."

సీతారత్నం చెప్పుకుపోయింది.

"నెల తిరక్కుండా రెండోవాడి పెళ్ళాం వచ్చింది. మా ఆయన్నెందుకు పంపలేదు దీదీ అనడిగింది. ఎవర్ని పంపినా బతికేవాళ్ళు కాదని చెప్పాను. ఆవిడ అడిగింది అది కాదు కదా!"

శ్రీవల్లి ఆ శని, ఆదివారాలు గది దాటలేదు. బొమ్మలు అక్కర్లేదు, మాటలు చాలు. డాక్టరు మాట కొట్టేసింది. మొదటి మంచం ఎంచుకుంటే రెండో మంచం తల్లి వస్తుంది. "నా బిడ్డ దగ్గరికెందుకు రాలేదమ్మా?" అంటుంది. జవాబు చెప్పడానికి బటన్ ఉండదు. రెండోది ఎంచుకుంటే మొదటి బిడ్డ తండ్రి వస్తాడు. ఏమీ అడగడు. పాపను చుట్టిన తువ్వాలు తీసుకుని వెళ్ళిపోతాడు.

సోమవారం మాథుర్ తనే ఆడాడు. మొదటి మంచం నొక్కాడు. తల్లి ప్రశ్న తెర మీదకొచ్చాక అతని వేలు కదల్లేదు. రఘువీర్ గోడ గడియారం చూశాడు, శ్రీవల్లిని చూశాడు. చివరికి మాథుర్ మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టి రెండోది నొక్కాడు. తండ్రి వెళ్ళిపోయేదాకా చూశాడు.

"ఠీక్ హై" అన్నాడు. డబ్బా మీద ఆ వాక్యం మాత్రం తీసేయమన్నాడు.

ఉద్యోగం నిలిచింది. రఘువీర్ మాత్రం ఆ రోజు నుంచి ఆమెతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

సాయంత్రం శ్రీవల్లి సంగతంతా చెబితే సీతారత్నం నిదానంగా విన్నది. మళ్ళీ ఆడతారా అంటే తల అడ్డంగా ఊపింది.

"ఆ తల్లికి పేరు పెట్టావా?"

"లేదాంటీ."

"ఫూల్‌మతి అని పెట్టు" అంది సీతారత్నం. అంబులెన్సు ఎక్కించని ఆ రెండోవాడి పెళ్ళాం పేరది, ఇన్నేళ్ళలో ఎవరి ముందూ అనలేదని కూడా చెప్పింది.