బెల్టుకి గ్రీజు

రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే అక్క బల్లకి బిగించిన స్టీరింగ్ ముందు కూర్చుని కంప్యూటర్లో కారు పందెం ఆడేది. ఆమె స్టీరింగ్ ఎటు తిప్పితే ఇల్లూ అటే తిరిగేది. "మలుపులొచ్చాయా అమ్మాయ్? మా గోడ కాస్త చూసుకో," అనేది పక్కింటావిడ, కూర తరుగుతూనే. పోస్టుమాన్ వాకిలి ఎటుందో వెతుక్కుని ఉత్తరాలిచ్చి పోయేవాడు.

ఆ రోజు స్టీరింగ్ కీచుమంటోందని అక్క దాన్ని విప్పి, లోపలి రబ్బరు బెల్టుకి దిట్టంగా గ్రీజు పూసింది. పళ్ళచక్రాలకి పూయాల్సింది బెల్టుకి పూస్తే జారక ఏం చేస్తుంది? మొదటి మలుపులోనే జారింది. స్టీరింగ్ ఉత్తినే గిరగిరా తిరుగుతోంది. ఇల్లు మాత్రం వాకిలిని పక్కింటి గోడకి ఆనించి ఆగిపోయింది. ఉన్నది ఒకటే తలుపు, కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు.

సరిగ్గా అప్పుడే నాన్న గుండె పట్టుకుని కూలబడ్డాడు.

తమ్ముడు ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చింది. వచ్చి ఏం లాభం? స్ట్రెచర్ వీధిలో ఉంది, నాన్న లోపల ఉన్నాడు.

"తలుపు ఇటు తిప్పండమ్మా, తొందరగా!" అని కిటికీ దగ్గర డ్రైవర్ అరిచాడు.

అక్క మళ్ళీ స్టీరింగ్ విప్పబోయింది. ఆఖరి స్క్రూ తల అరిగిపోయి స్క్రూడ్రైవర్‌కి పట్టు దొరకడం లేదు. వెనకనుంచి నాన్న మూలుగు.

"చేతులారా చంపుకుంటున్నాన్రా," అంది అక్క ఏడుస్తూ.

"ఏడుపు తర్వాత. స్క్రూ తల మీద రబ్బరు బ్యాండు పెట్టి, నొక్కి తిప్పు," అన్నాడు తమ్ముడు.

స్క్రూ వదిలింది. అంబులెన్సులో వచ్చిన నర్సు కిటికీ చువ్వల్లోంచి దూదీ స్పిరిటూ అందించాడు. బెల్టు తుడిచింది, మళ్ళీ తుడిచింది, వేలితో రాసి చూసి ఇంకోసారి తుడిచింది. నాన్న మూలుగు ఆగిపోయింది. అక్క వెనక్కి చూడలేదు. చూస్తే చేతులు ఆడవని ఆమెకి తెలుసు.

బెల్టు ఎక్కించి స్టీరింగ్ పట్టుకుని, ప్రాణమంతా బిగబట్టి మెల్లగా తిప్పింది. ఇల్లు కదిలింది. వాకిలి వచ్చి అంబులెన్సు ఎదుట ఆగింది.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదు," అన్నాడు నర్సు, ఆసుపత్రికి వెళ్ళే దారిలో.

నాన్న కళ్ళు తెరిచి అక్క గ్రీజు చేతిని పట్టుకున్నాడు. "ఇల్లు కదిలినట్టే తెలీలేదు. ఇంత మెత్తగా తిప్పడం వచ్చుండి, ఇన్నేళ్ళూ నాకు కడుపులో దేవేట్టు తిప్పావటే, రాక్షసీ?"

"మాట్లాడకూడదండీ," అన్నాడు నర్సు.

"తిట్టనివ్వండి," అంది అక్క, భోరుమంటూ.