కొండమీది వాన

మూడేళ్లుగా చినుకు లేదు. మేకలు ఎముకల గూళ్లయ్యాయి. అయినా పట్నంవాళ్లను లోయలో ఈతకు తీసుకెళ్లే రోజున మాత్రం వాన పడొద్దనే కోరుకునేవాడు ముఫ్లిహ్. ఎడారిలో పుట్టినవాడు కోరకూడని కోరిక అది. ఏం చేస్తాడు, పొట్టకూటి పని అలాంటిది.

లోయలో ఎండ కాస్తుండగానే, ఎక్కడో కొండమీద కురిసిన వాన వరదై ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. అందుకే కొండమీద మేకలు కాసే చిన్నాన్న హువైమిల్‌తో ఒక ఒప్పందం ఉంది. అక్కడ చినుకు పడితే చాలు, ఆయన ఫోన్ చెయ్యాలి. లోయలోకి అడుగుపెట్టాక ఫోన్లు పనిచెయ్యవు.

ఆ రోజు రాజధాని అమ్మాన్ నుంచి అయిదుగురు వచ్చారు. ముందు దారి చూపడానికి ముఫ్లిహ్, వెనక కాపలాకి చిన్నాన్న కొడుకు ఆయిద్. లోయ బయటే టీ కాచుకుని చాలాసేపే కూర్చున్నారు. ఆయిద్ తండ్రికి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మేకల వెంట పడి ఉంటాడు, వానైతే ఆయనే చేసేవాడు కదా అనుకుని బయల్దేరారు.

కరువులోనూ ఎండని ఊటల వల్ల మోకాలి లోతున్న నీళ్లలో నడిచారు, మడుగుల్లో ఈదారు. ఈత రాదని ముందే గోల పెట్టిన లావుపాటి లెక్కల మాస్టారిని ఆయిద్ తాడుతో లాగాడు. "కాళ్లాడించండి మాస్టారూ, నేనేమన్నా మీ గాడిదనా?" అని అందరినీ నవ్వించాడు.

ఉన్నట్టుండి నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. పైనుంచి వరద వస్తోందని ముఫ్లిహ్‌కు తెలిసిపోయింది. ఎక్కండి, ఎక్కండి అంటూ ఒక్కొక్కరినీ రాతి అరుగు మీదికి లాగాడు. ఆఖరున మాస్టారిని ఆయిద్ కింద నుంచి భుజాల మీద ఎత్తి అందించాడు. మాస్టారి చెయ్యి అందింది. ఆయిద్ చెయ్యి అందలేదు.

పొద్దుగూకే లోపే శవం లోయ బయట దొరికింది. కబురు చెప్పడానికి ముఫ్లిహ్ కొండెక్కాడు. అక్కడేమో పండగ. ఆడవాళ్లు గుడారం ముందు వేడి రొట్టెల మీద నెయ్యి పోస్తూ పాడుతున్నారు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చే ఊళ్లవాళ్లకు ఆ సంబరం చెప్పినా అర్థం కాదు.

హువైమిల్ తడిబట్టలతోనే ఎదురొచ్చి వాటేసుకున్నాడు.

"వానరా నాయనా! కోటు గుడారంలో పారేసి చిన్నపిల్లాడిలా తడిశాను. ఆయిద్ ఏడిరా? వాడి రొట్టె చల్లారిపోతోంది."

ముఫ్లిహ్ చెప్పాడు. ఏ మాటల్లో చెప్పాడో తర్వాత అతనికే గుర్తులేదు. ముసలాయన అక్కడే కూలబడ్డాడు.

"నేను ఫోన్ చేసుంటే?"

"అప్పటికే లోపలికెళ్లిపోయాం చిన్నాన్నా. నువ్వు చేసినా అందేది కాదు."

ముఫ్లిహ్ ఆ అబద్ధం తడబడకుండా ఆడాడు. హువైమిల్ లేచి గుడారంలోకి వెళ్లాడు. కోటు జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు. చూసుకుని, తెచ్చి ముఫ్లిహ్ చేతిలో పెట్టాడు. ఆయిద్ చేసిన కాల్ అందులో అలాగే ఉంది.

"మీరు బయటే ఉన్నారురా," అన్నాడు. "వాడు నన్ను పిలుస్తుంటే నేను వానలో గంతులేస్తున్నాను."

ముఫ్లిహ్ ఆయన్ని పట్టుకుని ఏడ్చాడు. ఆడవాళ్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు. వాళ్లు వానను దీవిస్తూ పాడుతూనే ఉన్నారు.