రివర్సు పడని కారు

మా నాన్న సాంబశివరావు పెట్టిన షరతు ఒక్కటే: కారు ఒక్కసారి మొరాయించినా అమ్మేయాలి, నేను మళ్ళీ ఆఫీసుకు మాచర్ల బస్సెక్కాలి. సొంత జీతంతో పాత కారు కొనుక్కున్న సంబరంలో ఉన్నాను కదా, “సరే” అనేశాను. నాకు నోటి తొందర ఎక్కువ.

వారం తిరక్కుండానే, రివర్సు గేరు వేయబోతే కారు కర్రుమని అరిచింది. కారంపూడిలో మా వీధి వీధంతా బయటికొచ్చింది. ఒకాయన గేర్‌బాక్సు పగిలిందన్నాడు. ఇంకొకాయన క్లచ్ ప్లేటు కాలిపోయిందన్నాడు. ఎడ్లబండి తప్ప ఏదీ తోలి ఎరగని పక్కింటి తాతయ్యయితే ఇంజను దించాల్సిందేనని తీర్పు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాన్న మాత్రం అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు.

“ఏందమ్మాయ్, నే జెప్పలా? బస్సు పాసు తీయించుకో.”

“మెకానిక్ మీరా బాబాయికి చూపించాక మాట్లాడు నాన్నా!”

నాన్నని కూడా కార్లో కూలేసి గురజాల రోడ్డులోని షెడ్డుకు తోలాను. ప్రతి గేరుకూ కారు ఏడ్చింది, నాన్న నవ్వాడు.

మీరా సాహెబ్ మా ఊళ్ళో కార్లకూ ట్రాక్టర్లకూ వైద్యుడు. హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరులో పెట్టి, క్లచ్ మెల్లగా వదిలాడు. ఇంజను ఠక్కున ఆగిపోయింది. నా గుండె కూడా ఆగినంత పనైంది.

“ఆగితే మంచిదే తల్లీ. ప్లేటు జారటంలా. పోయిన ప్లేటయితే ఇంజను తిరుగుతానే ఉండిద్ది.”

ఇంజను ఆపి ఉండగా గేర్లన్నీ వేసి చూశాడు. రివర్సుతో సహా అన్నీ చప్పుడు లేకుండా పడ్డాయి. మళ్ళీ స్టార్టు చేసి ఫస్టులో వేస్తే కర్రుమంది. పైగా క్లచ్ పెడలు నొక్కి పట్టుకున్నా బండి ముందుకు పాకుతోంది.

“గేర్‌బాక్సు శుభ్రంగా ఉంది. క్లచ్చే పూర్తిగా విడవటంలా. పెడలు అడుగుదాకా దిగకుండా ఏందో అడ్డం పడతంది.”

నాన్న ఉన్నట్టుండి కంగారుపడ్డాడు. “చాల్లే సాహెబూ, ఇంకేం పీకుతావు, వదిలెయ్!”

మీరా బాబాయ్ వినలేదు. తల లోపలికి దూర్చి కాళ్ళ దగ్గరి మ్యాటు లేపాడు. సరిగ్గా పెడలు దిగే చోట ఒక మూట. అందులో ఇంత పటిక ముక్క, ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు. దిష్టి మూట!

అమ్మ పనే అనుకుని పళ్ళు కొరికాను. కానీ మూట కట్టిన గుడ్డ పార్టీ కండువా ముక్క. నాన్న కండువా అది. ఉతుకుతానని అమ్మ ముట్టుకున్నా ఇల్లు పీకి పందిరేస్తాడు. దాన్ని కత్తిరించే ధైర్యం ఆయనకు తప్ప మా ఇంట్లో ఎవరికుంది? దిష్టీ గిష్టీ ఆడవాళ్ళ చాదస్తమని ఉపన్యాసాలిచ్చే మనిషి!

“నాన్నా!”

“ఏందమ్మాయ్? ఆడపిల్ల కారు తోలతందని ఊరి కళ్ళన్నీ నీ మీదే. భయం ఉండదా నాకు?”

సీట్లో కూలబడి, స్టీరింగు మీద వాలిపోయి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. మీరా బాబాయ్ నవ్వాపుకోలేక షెడ్డు గోడ పట్టుకున్నాడు. జన్మలో ఎన్నడూ ఇంత ముద్దు రాలేదు మా నాన్న.

“మరి కారు అమ్మాలా, వద్దా? అది చెప్పు ముందు” అన్నాను.

నాన్న మూట దులిపి మీరా సాహెబ్ చేతిలో పెట్టాడు. “ముందు బంపరుకు కట్టు. గట్టిగా.”

వచ్చి నా పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. గేరు వేశాను. కిక్కురుమనకుండా పడింది. ఆ ఆనందంలో క్లచ్ ఒక్కసారే వదిలేసరికి బండి ఎగిరిపడి ఆగిపోయింది. ముగ్గురం మళ్ళీ నవ్వాం.

“బజారు మీదుగా పోనియ్,” అన్నాడు నాన్న. “మెల్లగా. అందర్నీ చూడనీ.”