ఒక్క ఓటు తక్కువైన రోజు

కాలిన గాయాల వార్డు నర్సు శాసనసభకు గెలిచిందంటే చాలామంది నమ్మలేదు. ఆమె కోసం గడపగడపకూ తిరిగినవాడు పొట్టి మేస్త్రీ. అద్దకం ఫ్యాక్టరీలో బాయిలర్ చూసేవాడు. పాత బాయిలర్లను ఏటా తనిఖీ చేసేలా చట్టం తెమ్మని అతను అడిగింది ఒక్కటే.

సభ్యుల జీతం ఇంటి అద్దెకు కూడా చాలదు. ఆస్తిపాస్తులున్నవాళ్లే సభకు వస్తారనుకుని ఎప్పుడో నిర్ణయించిన జీతం అది. భర్త కుట్టుపని పిల్లల చదువుకే సరి. అందుకని ఆమె ఆసుపత్రి ఉద్యోగం మానలేదు.

ఆమె తెచ్చిన తనిఖీ బిల్లు మీద ఓటింగు రోజున సూపరింటెండెంటు సెలవు ఇవ్వనన్నాడు. ఇవాళ రాకపోతే ఇక రానక్కర్లేదని తేల్చేశాడు. ఓటింగు మధ్యాహ్నం కదా, పొద్దుటి డ్యూటీ చేసి వెళ్లొచ్చనుకుంది. బస్సు దిగి మెట్లెక్కేసరికి సభ్యులు నవ్వుకుంటూ బయటికొస్తున్నారు. ఓటింగు ముందుకు జరిపారట. ఒక్క ఓటు తక్కువై బిల్లు వీగిపోయింది.

మేస్త్రీకి ఆ మాట చెప్పడానికి ఆమెకు మొహం చెల్లలేదు. వాయిదా పడిందని దాటేసింది.

రెండు నెలలకు బాయిలర్ పేలింది. వార్డుకు తెచ్చిన ఐదుగురిలో అతన్ని గొంతును బట్టే ఆమె గుర్తుపట్టింది.

"మన బిల్లు ఏమైందక్కా?"

"పాసైంది తమ్ముడూ."

"మరి తనిఖీకి ఎవరూ రాలేదేం?"

సాయంత్రానికల్లా పోయాడు.

అప్పటినుంచి సభలో హాజరు పిలిచినప్పుడల్లా తన పేరు వెంటే ఆ ప్రశ్న ఆమెకు వినబడేది. ఉలిక్కిపడి పక్కకు చూస్తే, అక్కడి సభ్యుడు ఫోనులో తలదూర్చి ఉండేవాడు. ఆమె ఉద్యోగం మానేసింది. అద్దె ఇల్లు ఖాళీ చేసి, అక్కావాళ్ల వెనకగదిలో కాపురం పెట్టింది. బిల్లు మళ్లీ తెచ్చి, నెగ్గేదాకా ఒక్క పూట కూడా సభ మానలేదు. నెగ్గాక కూడా ఆ గొంతు ఆగలేదు.

మళ్లీ పోటీ చేసే ఓపిక ఆ ఇంటికి లేకపోయింది. ఆ సీటు అద్దకం ఫ్యాక్టరీ యజమాని అల్లుడికి దక్కింది. తనకు జీతమే అక్కర్లేదని అతను ప్రకటిస్తే జనం చప్పట్లు కొట్టారు.

ఆమె ఒక చిన్న క్లినిక్‌లో చేరింది. ఒకరోజు ప్రైవేటు స్కూలు టీచరొకామె వచ్చి, ఈసారి తాను నిలబడదామనుకుంటున్నానని, ఒక మాట చెప్పమని అడిగింది.

"నిలబడమ్మా. ఓటింగు రోజు మాత్రం సభ వదిలి ఎక్కడికీ పోకు."

"మరి సెలవు ఎవరిస్తారండీ?"

టీచరు కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. ఆమె నామినేషన్ వేసిందేమోనని నర్సు రోజూ పేపరు తిరగేసేది. వేస్తే బాగుండునని ఒకరోజు, వేయకపోతేనే బాగుండునని ఇంకోరోజు అనుకునేది.