మూడు వేళ్ల పిడి

అరీబా కుడిచేతికి మూడు వేళ్లే ఉన్నాయి. చిటికెనవేలు, ఉంగరపు వేలు పటాన్‌చెరులో డబ్బా మూతలు కొట్టే ఓ చిన్న షెడ్డులో, ప్రెస్సు కింద నలిగిపోయాయి. అప్పుడామెకు ఇరవై రెండేళ్లు. ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో సిరంజీల కంపెనీలో తనిఖీ బల్ల దగ్గర పనిచేస్తోంది. పరిహారం వచ్చినప్పుడు తల్లి ఫకృన్నీసా కుట్టు మిషన్ కొనుక్కోమంది. ఒక మిషన్‌తో పడింది చాలమ్మీ అని, అరీబా పాత ఎయిర్ రైఫిల్ కొనుక్కుంది.

ఆ సరదా అనుకోకుండా పట్టుకుంది. కంపెనీ నుంచి వచ్చే దారిలో ఒక షూటింగ్ క్లబ్ ఉంది. ఒకరోజు బస్సు తప్పిపోయి లోపలికి తొంగిచూసింది. అక్కడి కోచ్ ఆమె చేతిని చూశాడు. ట్రిగ్గర్ నొక్కే వేలు ఉంది కదా అని పది గుళ్లు ఇచ్చాడు. పదిలో నాలుగు కాగితానికే తగల్లేదు. మిగతా ఆరింటిలో ఒకటి సరిగ్గా నడిమధ్యన దిగింది. ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, మరునాడు మళ్లీ వెళ్లింది.

రైఫిల్ మంచి కంపెనీదే. అయితే అది ఆరడుగుల మగవాడి కోసం, అయిదు వేళ్ల చేతి కోసం తయారైంది. అరీబా దాన్ని ఒక్కో భాగంగా తన ఒంటికి తగ్గట్టు మార్చుకుంటూ వచ్చింది. భుజానికి ఆనే పలక, పైకీ కిందికీ జరిపేది, ఒకటి హైదరాబాద్ నుంచి తెప్పించి బిగించింది. ఆ తర్వాత చెంప ఆనించుకునే దిమ్మ మార్చింది. రెండూ చక్కగా కుదిరాయి. ఇక ట్రిగ్గర్ వెనక చేత్తో పట్టుకునే పిడి ఒక్కటే మిగిలింది. విదేశాల నుంచి వచ్చినది, చాలామంది షూటర్లు వాడేది కొనిచూసింది. దాంట్లో వేళ్లకని చెక్కిన గాడుల్లో రెండు ఆమెకు ఖాళీగా ఉండిపోయేవి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పిడి అరచేతిలో కొద్దిగా తిరిగేది. ఆ కొద్దిపాటి తిరుగుడుకే గుండు పక్కకు పోయేది.

ఆ పిడిని తీసుకుని పెద్దరాములు దగ్గరకు వెళ్లింది. ఆయన ఇనుము పోతపోసే కార్ఖానాలకు చెక్క అచ్చులు చేస్తాడు. పారిశ్రామికవాడలో ఆయన కొట్టు, అరీబా పాత షెడ్డుకు రెండు సందుల అవతలే. ప్రమాదం జరిగిన రోజు ఆమెను ఆటో ఎక్కించింది ఆయనే. పిడిని అటూ ఇటూ తిప్పిచూసి బల్ల మీద పెట్టాడు.

“చేతికి వస్తువు సరిపోవాలె గానీ, వస్తువుకు చెయ్యి సరిపోవుడేంది బిడ్డా? ఏదీ, చెయ్యియ్యి,” అన్నాడు.

మెత్తటి మైనం ముద్ద ఆమె చేతిలో పెట్టి, తుపాకీ పట్టుకున్నట్టే పట్టమన్నాడు. వేళ్లు లేని చోట మైనం బయటికి పొంగుకొచ్చింది. ఆ పొంగును తీసెయ్యకుండా అలాగే ఉంచి, అరచేతి అంచు కింద ఒక చిన్న గట్టులా దిద్దాడు. లేని వేళ్లు మోయాల్సిన బరువును ఆ గట్టు మోయాలని ఆయన ఆలోచన. ఆ ఆకారాన్ని టేకులో చెక్కడానికి రెండు నెలలు పట్టింది. మూడు చెక్కలు పాడయ్యాయి. నాలుగోది చేతికి తొడుక్కున్నట్టు కూర్చుంది. ఆ వారమే అరీబా జిల్లా ఓపెన్ పోటీకి పేరు ఇచ్చింది.

పోటీ ఆదివారం పొద్దున. చూస్తానని పెద్దరాములు కూడా వచ్చాడు. ముందు తుపాకుల తనిఖీ. ఆ బల్ల దగ్గర పవన్‌కుమార్ అనే అధికారి కూర్చుని ఉన్నాడు. పలకనూ దిమ్మనూ చూసి తల ఊపాడు. పిడి దగ్గర ఆగిపోయాడు. ఎవరు చేశారని అడిగాడు. చెబితే, అలా కుదరదన్నాడు. కంపెనీ పిడి బిగించుకురమ్మన్నాడు. లేకపోతే వచ్చే నెల వికలాంగుల పోటీ ఉంది, అందులో ఇలాంటివాటికి సడలింపులుంటాయి, అక్కడికి వెళ్లమని మెల్లగానే సలహా ఇచ్చాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు ఆమె చేతివైపు చూడటం మొదలుపెట్టారు. ఇదివరకైతే అరీబా ఆ చేతిని దుపట్టా కిందకు లాక్కునేది. ఇప్పుడు బల్ల మీద, ఆయన ఎదురుగా పెట్టింది.

“ఆ పోటీకి గూడ వస్త సార్. ఇయ్యాల మాత్రం దీనికి పేరిచ్చిన. పిడి కంపెనీదే ఉండాలని రూల్ల యాడుంది? చూపియ్యుండ్రి.”

పవన్‌కుమార్ పుస్తకం తీశాడు. చాలాసేపు పేజీలు తిప్పాడు. కంపెనీ మాట ఎక్కడా లేదు. కొలతలు మాత్రం ఉన్నాయి.

“గట్లయితే కొలువుండ్రి,” అంది అరీబా.

కొలిచాడు. పొడవు సరిపోయింది, మందం సరిపోయింది. అరచేతి కింది గట్టు మాత్రం మూడు మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. ఆయన పెన్ను మూతపెట్టి, ఇక తన చేతిలో ఏమీ లేదన్నాడు. తనిఖీ ఎన్నింటికి ముగుస్తుందని అరీబా అడిగింది. ఇంకా ఇరవై అయిదు నిమిషాలుందని చెప్పాడు.

ఆమె రైఫిల్‌ను వరండాలోకి తెచ్చి పిడి ఊడదీసింది. పెద్దరాములు తన సంచిలోంచి ఆకురాయి తీశాడు కానీ, ఇవ్వడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ మూడు మిల్లీమీటర్లే బరువు ఆపుతున్నాయని, అవి పోతే చెయ్యి లాగేస్తుందని చెప్పాడు. కావాలంటే తనే జాగ్రత్తగా తీస్తానన్నాడు.

“నేనే తీస్త కాకా. యాడ తక్కువైతే నొప్పి తక్కువుంటదో నా చేతికే తెలుస్తది.”

ఆయన ఆకురాయి ఆమెకిచ్చి, పిడి కదలకుండా రెండు చేతులతో అదిమిపట్టుకున్నాడు. అరీబా మెట్టు మీద కూర్చుని గట్టును అరగదీసింది. కొంచెం అరగదీయడం, పట్టుకుని చూడటం, మళ్లీ అరగదీయడం. టేకు పొడి సల్వార్ నిండా పడింది. చూస్తూ నిలబడ్డవాళ్లలో ఒకాయన ఎందుకమ్మా ఇంత తిప్పలు అన్నాడు. ఆమె పిడిని ఇంకోసారి పట్టుకుని చూసి, మళ్లీ ఆకురాయి అందుకుంది.

గడువుకు నాలుగు నిమిషాల ముందు మళ్లీ బల్ల దగ్గర నిలబడింది. పవన్‌కుమార్ రెండుసార్లు కొలిచాడు. సరిపోయింది. కార్డు మీద ‘చేత్తో చేసిన పిడి, ఈసారికి అనుమతించడమైనది’ అని రాశాడు. అరీబా కార్డు చదివి వెనక్కి జరిపింది.

“ఈసారికి అని ఎందుకు సార్? కొలతల ఉందా, లేదా?”

“ఉంది.”

“అయితే గదే రాయుండ్రి.”

ఆయన ఆమె వంక చూశాడు. వెనకనున్న వరుస వంక చూశాడు. రాసింది కొట్టేసి, ‘పిడి కొలతలకు లోబడి ఉంది’ అని రాసి సంతకం పెట్టాడు.

అరవై గుళ్లు కాల్చాలి. పెద్దరాములు చెప్పినట్టే అయింది. మొదటి పదింటిలోనే పిడి మళ్లీ తిరగసాగింది. ఒక గుండు నడిమధ్య తప్పి ఏడో నంబరు వలయంలో పడింది. అరీబా రైఫిల్ దించి, కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంది. మధ్యవేలిని ఇంకాస్త కిందికి జరిపి, ఆ గట్టి పట్టుతోనే మిగతావి కాల్చింది. నలభయ్యో గుండు దాటేసరికి మణికట్టు నుంచి మోచేయి దాకా నిప్పులా మండింది. అయినా విరామం అడగలేదు. చివరి పదింటిలో ఎనిమిది నడిమధ్యకు వెళ్లాయి.

ముప్పై నలుగురిలో పదకొండో స్థానం వచ్చింది. ఫైనల్‌కు ఎనిమిది మందే. కానీ రాష్ట్ర పోటీకి కావలసిన స్కోరు దాటింది. గోడ మీది జాబితాలో తన పేరును పెద్దరాములుకు వేలితో చూపించింది. ఆయన ఆ పేరు చూడకుండా పిడి చూస్తున్నాడు. మూడు మిల్లీమీటర్ల ఎత్తు తగ్గాక గట్టును ఏ వాలులో పెడితే బరువు ఆగుతుందో అప్పటికే లెక్క వేసుకుంటున్నాడు. రేపే ఇంకో చెక్క మొదలుపెడతానన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆమె చెయ్యి వాచింది. ఫకృన్నీసా గోరువెచ్చని నీళ్లలో ఉప్పు కలిపి గిన్నె ముందు పెట్టింది. గెలిచావా అని అడిగింది. పదకొండో స్థానం అని, తుపాకుల తనిఖీ దగ్గర అధికారి అన్నదంతా అరీబా చెప్పింది. ఎంతమందిలో అని అడిగి, విని, ఆ చేతిని తనే నీళ్లలో ముంచింది. ఇక చాలు కదా, ఆ వికలాంగుల పోటీ ఏదో ఉందట, అదైతే సులువు కదా అంది.

“దానికీ, రాష్ట్ర పోటీకీ, రెండింటికీ పేరిచ్చిన అమ్మీ,” అంది అరీబా.